సర్రే నగర ఎన్నిక: మేయర్‌కి ఓటేసి వచ్చేస్తే సరిపోతుందా?

మీ ప్రశ్నని ముందు నా మాటల్లో చెబుతాను, మిగతావాళ్లకి కూడా అర్థమవుతుంది. మీరు కెనడాలో బ్రిటిష్ కొలంబియా (బీసీ) రాష్ట్రంలోని సర్రేలో, న్యూటన్ పేట వైపు ఉంటున్నారు. పోయినేడు పౌరసత్వం వచ్చింది. మీ ఆవిడ ఇంకా పీఆర్ (శాశ్వత నివాస అనుమతి) మీదే ఉన్నారు. పిల్లలిద్దరూ ఇక్కడి పబ్లిక్ స్కూల్లో చదువుతున్నారు. 2026 అక్టోబర్ 17న జరిగే నగర ఎన్నిక మీకు మొదటిది. మేయర్ అభ్యర్థులు తప్ప ఇంకెవరూ తెలియదు కాబట్టి మేయర్‌కి ఓటేసి వచ్చేస్తే చాలా, లేకపోతే వాట్సాప్ గ్రూపులో తిరిగే లిస్టు చూసి కౌన్సిలర్లు, స్కూల్ ట్రస్టీల (స్కూల్ బోర్డు సభ్యుల) గళ్లు నింపెయ్యాలా అని అడిగారు.

రెండూ వద్దు. నేను ఈ ఊళ్లో చాలాకాలంగా ఉంటున్నాను. పోలింగ్ కేంద్రంలో సిబ్బందిగా పనిచేశాను, ఒక ట్రస్టీ అభ్యర్థి కోసం ఇంటింటికీ తిరిగాను. మీలాంటి కుటుంబానికి, అంటే అద్దెకో సొంతానికో ఒక టౌన్‌హౌస్, స్కూల్లో పిల్లలు, రోజూ బస్సో కారో ఎక్కి ఉద్యోగానికి వెళ్లే ఇంటికి, బ్యాలట్‌లో పైనున్న ఒక్క పేరు కంటే కిందున్న పేర్లతోనే ఎక్కువ పని పడుతుంది. ఎందుకో కాస్త వివరంగా చెబుతాను.

మన ఊరి అలవాటుతో చూస్తే ఇక్కడి పద్ధతి తికమకగా ఉంటుంది. హైదరాబాద్‌లో 2020 డిసెంబర్‌లో 150 డివిజన్లకి ఎన్నిక జరిగినప్పుడు జనం ఓటేసింది తమ డివిజన్ కార్పొరేటర్‌కి మాత్రమే. మేయర్‌ని ఆ తర్వాత కార్పొరేటర్లు, ఎక్స్ అఫీషియో సభ్యులు కలిసి ఎన్నుకున్నారు. సర్రేలో మేయర్‌ని మనమే నేరుగా ఎన్నుకుంటాం. కానీ ఇక్కడ డివిజన్లు, వార్డులు లేవు. టొరంటోలో 25 వార్డులు, కాల్గరీలో 14 వార్డులు ఉన్నాయి. అక్కడ ‘మా వార్డు కౌన్సిలర్’ అని ఒకరు ఉంటారు. ఇక్కడ కౌన్సిలర్లందరూ ఊరంతటికీ ఉమ్మడి. 2022లో 8 కౌన్సిలర్ సీట్లకి, సర్రే తరఫున 6 ట్రస్టీ సీట్లకి ఓటేశాం. అప్పుడు ఒక్కో ఓటరు ఒక మేయర్‌ని, 8 మంది దాకా కౌన్సిలర్లని, 6 మంది దాకా ట్రస్టీలని ఎంచుకునే వీలుండేది. ఎక్కువ ఓట్లు వచ్చిన మొదటి 8 మంది, మొదటి 6 మంది గెలిచారు.

ఈ ‘దాకా’ అన్న మాట బాగా గుర్తుపెట్టుకోండి. గళ్లన్నీ నింపాలని ఎక్కడా లేదు. నేను బ్యాలట్ కాగితాలు లెక్కించే యంత్రం పక్కన నిలబడి పనిచేసినప్పుడు రెండు రకాల బ్యాలట్లు కనిపించేవి. కొందరు తొమ్మిదో పదో గళ్లు నింపేవారు. యంత్రం కాగితాన్ని బయటికి తోసేస్తుంది. అప్పుడు మేం ఆ ఓటరుని పక్కకి పిలిచి, కావాలంటే కొత్త బ్యాలట్ ఇస్తామని చెప్పేవాళ్లం. లైన్‌లో అందరూ చూస్తున్నారని మొహమాటపడి చాలామంది ‘పర్లేదు, అలాగే వేసేయండి’ అనేస్తారు. అలా అంటే ఎక్కువ గళ్లు నింపిన ఆ భాగం మొత్తం లెక్కలోకి రాదు. మొహమాటం అక్కర్లేదు, కొత్త కాగితం అడగండి, అది మీ హక్కు. రెండో రకం వాళ్లు మేయర్ గడి నింపి, కింద పదులకొద్దీ పేర్లు చూసి, ‘వీళ్లెవరో నాకేం తెలుసు’ అనుకుని మిగతాదంతా ఖాళీగా వదిలేసేవాళ్లు. మన తెలుగువాళ్లలో ఈ రెండో రకమే ఎక్కువ. చదువుకున్నవాళ్లు, బాధ్యత తెలిసినవాళ్లు, తెలియని పేరుకి ఓటెయ్యడం తప్పనుకుని ఆగిపోతారు. ఆ నిజాయితీ మంచిదే. అయితే దానికి మందు పేర్లు తెలుసుకోవడమే, ఖాళీగా వదిలెయ్యడం కాదు.

తెలిసింది ముగ్గురే అయితే ముగ్గురికే వేయండి. వార్డులు లేని పద్ధతిలో మీరు వేసే నాలుగో ఓటు, ఐదో ఓటు మీకు నచ్చిన ముగ్గురికీ పోటీగా నిలబడే ఓటు అవుతుంది. గెలిచే చివరి స్థానానికీ దాని తర్వాతి స్థానానికీ మధ్య తేడా తక్కువగా ఉన్నప్పుడు, ఊరికే నింపిన గళ్లే మీకు కావలసిన మనిషిని ఓడించవచ్చు.

ఇప్పుడు మేయర్ సంగతి. ఇక్కడి మేయర్‌కి కౌన్సిల్‌లో ఒక్క ఓటే. 2022లో ఎన్నికైన కౌన్సిల్‌లో తొమ్మిది మందిలో తనూ ఒకరు. పక్కన ఇంకో నలుగురు లేకపోతే ఏ తీర్మానమూ నెగ్గదు. నెగ్గినా పైన రాష్ట్ర ప్రభుత్వం ఉంది. సర్రే పోలీసుల గొడవ దీనికి మంచి ఉదాహరణ. 2018లో డగ్ మెకల్లమ్ సొంత నగర పోలీసు దళం తెస్తానని, ట్రామ్ లాంటి ఎల్ఆర్‌టీని రద్దు చేసి స్కైట్రెయిన్ (ఇక్కడి మెట్రో రైలు) తెస్తానని చెప్పి మేయర్‌గా గెలిచారు. కౌన్సిల్‌లోనూ ఆయన జట్టుకి 8లో 7 సీట్లు వచ్చాయి. ఆ నవంబర్‌లోనే, అప్పటిదాకా ఊరికి కాపలా ఉన్న కేంద్ర పోలీసు దళం ఆర్సీఎంపీ నుంచి బయటికి రావాలని కౌన్సిల్ ఓటేసింది. అదే జట్టు మీద గెలిచిన బ్రెండా లాక్ 2019లో బయటికి వచ్చేశారు. 2022లో ఆర్సీఎంపీనే ఉంచుతానని మేయర్‌గా పోటీ చేసి, మెకల్లమ్‌ని 973 ఓట్ల తేడాతో ఓడించారు. అయిదు లక్షలు దాటిన జనాభాలో 973! ఆ ఎన్నికలో ఓటేసింది ఓటర్లలో మూడోవంతు మందే. లాక్‌కి వచ్చింది పోలైన ఓట్లలో 28 శాతం.

గెలిచాక ఏమైంది? 2023 జులైలో రాష్ట్ర ప్రభుత్వం కొత్త దళానికే మారాలని ఆదేశించింది. నగరం కోర్టుకి వెళ్లింది. 2024 మేలో బీసీ సుప్రీంకోర్టు నగరం పిటిషన్‌ని కొట్టేసింది. 2024 నవంబర్ 29 నుంచి సర్రే పోలీస్ సర్వీసే ఊరి బాధ్యత తీసుకుంది. మేయర్ ఎన్నిక మొత్తం ఏ మాట మీద నడిచిందో ఆ మాట నిలబెట్టుకునే అధికారం మేయర్ చేతిలో లేకపోయింది. ఈసారి ఎవరైనా మీ గుమ్మంలోకి వచ్చి పెద్ద మాట ఇస్తే ఒకటే అడగండి: ఇది నగరం చేతిలో ఉందా, రాష్ట్రం చేతిలో ఉందా? ఉదాహరణకి ‘మీ వీధిలో ఫోర్‌ప్లెక్స్‌లు (నాలుగిళ్ల కట్టడాలు) రానివ్వను’ అనేవాళ్లు కనిపిస్తారు. ఒక ఇంటి స్థలంలో మూడు నాలుగు ఇళ్లు, తరచుగా బస్సులు తిరిగే దారుల దగ్గర ఆరు ఇళ్ల దాకా కట్టుకోనివ్వాలని 2023 చివర్లో రాష్ట్రమే చట్టం చేసింది. దాన్ని ఆపే అధికారం నగరానికి లేదు.

అలాగని నగరం చేతిలో ఏమీ లేదని కాదు. న్యూటన్‌లో ఉన్నారు కాబట్టి ఇది మీకు బాగా తగులుతుంది. 2018లో రద్దయిన ఎల్ఆర్‌టీ న్యూటన్ నుంచి మొదలై సర్రే సెంట్రల్ మీదుగా గిల్డ్‌ఫర్డ్ దాకా వెళ్లాల్సింది. డబ్బు కూడా ఖాయమైంది. కొత్త కౌన్సిల్ రాగానే దాన్ని పక్కనపెట్టి, ఫ్రేజర్ హైవే మీదుగా లాంగ్లీకి 16 కిలోమీటర్ల స్కైట్రెయిన్ కావాలంది. ఆ పనులు ఇప్పుడు నడుస్తున్నాయి. ఫ్లీట్‌వుడ్, క్లేటన్ వైపు వాళ్లకి అది మేలే. న్యూటన్ వాళ్లు మాత్రం ఇప్పటికీ కింగ్ జార్జ్ రోడ్డు మీద ఆర్1 బస్సు కోసం నిలబడుతున్నారు. ఏది మంచి నిర్ణయం అన్న వాదనలోకి నేను దిగను. ఒక శనివారం పడిన ఓట్లు ఒక పేటకి రావలసిన రైలుని ఇంకో పేటకి మళ్లించాయి, ఆ తీర్మానానికి చేతులెత్తింది కౌన్సిలర్లు. ప్రాపర్టీ టాక్స్ కూడా వాళ్ల ఓటుతోనే పెరుగుతుంది. 2023 బడ్జెట్‌లో 17.5 శాతం పెంపు అని మొదలుపెట్టి చివరికి 12.5 దగ్గర ఆగారు. అద్దెకుంటే మనకేం అనుకోకండి, ఇంటి ఓనర్ అది మీ అద్దెలో చూసుకుంటాడు.

ఇక ట్రస్టీలు. నేను ఎక్కువ చెప్పదలుచుకున్నది వీళ్ల గురించే.

సర్రే స్కూల్ డిస్ట్రిక్ట్ బీసీలో అన్నింటికంటే పెద్దది. 2022లో ఎన్నికైన బోర్డులో ఏడుగురు ట్రస్టీలు, ఆరుగురు సర్రే నుంచి, ఒకరు పక్కనున్న వైట్ రాక్ నుంచి. స్కూళ్లన్నిటినీ నడిపే ముఖ్య అధికారిని, అంటే సూపరింటెండెంట్‌ని, నియమించేది వీళ్లే. ఏ వీధి పిల్లలు ఏ స్కూలుకి వెళ్లాలో చెప్పే క్యాచ్‌మెంట్ హద్దులు, బడ్జెట్‌లో ఎక్కడ కోయాలి, ఏ స్కూలుకి ముందు అదనపు గదులు అడగాలి, అన్నీ వీళ్ల బల్ల మీదికే వస్తాయి. వాళ్ల చేతిలో లేనివి కూడా తెలుసుకోండి. సిలబస్ రాష్ట్రానిది. కొత్త స్కూలు కట్టడానికి డబ్బు రాష్ట్రానిది. ప్రాపర్టీ టాక్స్ బిల్లులో ‘స్కూల్ టాక్స్’ అని ఒక లైను ఉంటుంది, దాన్ని నిర్ణయించేది కూడా రాష్ట్రమే, ట్రస్టీలు కాదు. అందుకని ‘నేను గెలిస్తే పోర్టబుల్స్ (స్కూలు ఆవరణలో పెట్టే తాత్కాలిక క్లాసు గదులు) అన్నీ తీయించేస్తా’ అని ట్రస్టీ అభ్యర్థి అంటే ఆ మాట నమ్మక్కర్లేదు. ‘ఉన్న డబ్బులో పోర్టబుల్స్‌కి ఎంత, క్లాసులో సహాయకులకి ఎంత’ అన్న లెక్క చెప్పగలిగేవాళ్లు దొరికితే వదులుకోకండి.

ఇంటింటికీ తిరిగినప్పుడు ఒక తెలుగాయన గుమ్మంలో నిలబడి చెప్పిన మాట నాకు బాగా గుర్తుంది. ఆయన కొడుకు క్లాసు పోర్టబుల్‌లో. బాత్రూమ్‌కి వెళ్లాలంటే జాకెట్ వేసుకుని వానలో మైదానం దాటి మెయిన్ బిల్డింగ్‌కి పోవాలి. పిల్లాడు పొద్దున్నించి నీళ్లు తాగడం మానేశాడు. ‘ఎవరిని అడగాలండీ, టీచర్‌నా, ప్రిన్సిపాల్‌నా?’ అని అడిగారాయన. ఇద్దరినీ అడిగినా వాళ్ల చేతిలో గదులు లేవు. నగర కౌన్సిల్ ఒక పేటలో వందల టౌన్‌హౌస్‌లకి అనుమతిస్తుంది. రెండేళ్లలో పిల్లలు వచ్చేస్తారు. స్కూలు కావాలని బోర్డు రాష్ట్రానికి రాస్తుంది. రాష్ట్రం ఒప్పుకుని, స్థలం దొరికి, కట్టేసరికి ఏళ్లు పడుతుంది. ఆ మధ్యకాలం అంతా పోర్టబుల్స్‌లోనే గడుస్తుంది. ఈ గొలుసులో మనం ఓటేసి మార్చగలిగిన లింకులు రెండే, కౌన్సిలర్లు, ట్రస్టీలు. ఆ రెండింటినే మనం ఖాళీగా వదిలేస్తున్నాం.

ట్రస్టీ ఓటు చిన్నదనుకునేవాళ్లకి ఒక పాత సంగతి చెబుతాను. 1997లో సర్రే బోర్డు ఒక తీర్మానం చేసింది. కిండర్‌గార్టెన్, ఒకటో తరగతి పిల్లలకి ఒక టీచర్ వాడదామనుకున్న మూడు బొమ్మల పుస్తకాల్లో ఇద్దరు అమ్మలో ఇద్దరు నాన్నలో ఉన్న కుటుంబాలు ఉన్నాయని వాటికి ఒప్పుకోలేదు. ఆ టీచర్, ఇంకొందరు కలిసి కోర్టుకి వెళ్లారు. కేసు కెనడా సుప్రీంకోర్టు దాకా నడిచి 2002 డిసెంబర్‌లో తీర్పు వచ్చింది. స్కూల్ చట్టం లౌకిక సూత్రాల మీద నడవాలని చెబుతోంది, కొందరి మతవిశ్వాసం ఆధారంగా ఇంకొందరి కుటుంబాలని పక్కనపెట్టకూడదు, మళ్లీ పరిశీలించండి అంది కోర్టు. దేశమంతా లా కాలేజీల్లో చదివే కేసు అది, పుట్టింది మన ఊరి స్కూల్ బోర్డు బల్ల దగ్గర. ఈ మధ్య కూడా స్కూల్లో లైంగిక గుర్తింపు పాఠాల మీద, లైబ్రరీ పుస్తకాల మీద మాత్రమే మాట్లాడే ట్రస్టీ అభ్యర్థులు ప్రతి ఊళ్లో కనిపిస్తున్నారు. వాళ్ల మాట నచ్చినా నచ్చకపోయినా, బడ్జెట్ గురించీ ప్రత్యేక అవసరాలున్న పిల్లల గురించీ వాళ్లని అడిగి చూడండి. బోర్డు సమయమంతా ఎక్కువగా వాటికే పోతుంది. ఈ మధ్య బడ్జెట్ లోటు వచ్చినప్పుడు కోతల జాబితాలో ఎడ్యుకేషన్ అసిస్టెంట్ల పోస్టులు కూడా ఉన్నాయి. క్లాసులో ఆటిజం ఉన్న పిల్లాడి పక్కన కూర్చునే మనిషి ఉండాలా వద్దా అన్నది తేలేది అక్కడ.

వాట్సాప్ లిస్టు విషయం. ఇక్కడి నగర ఎన్నికల్లో దేశస్థాయి పార్టీలు ఉండవు. ఊరికే పరిమితమైన జట్లు ఉంటాయి, అభ్యర్థి పేరు పక్కన జట్టు పేరు బ్యాలట్ మీద అచ్చవుతుంది. జట్టుని చూసి వెయ్యడం తప్పు కాదు, బడ్జెట్ మీద కలిసి ఓటేసే మనుషులెవరో ముందే తెలుస్తుంది. కాకపోతే జట్లు ఎంత త్వరగా చీలతాయో పైన చూశారు, 2018లో కలిసి గెలిచిన ఏడుగురిలో ముగ్గురు 2019లోనే వేరయ్యారు. కనుక జట్టుతో పాటు మనిషిని కూడా చూడాలి. ఇప్పటికే పదవిలో ఉన్నవాళ్లయితే పని సులువు. కౌన్సిల్ సమావేశాల వీడియోలు, మినిట్స్ (ఏం జరిగిందో రాసిన నోట్సు) నగర వెబ్‌సైట్‌లో ఉంటాయి. మీకు పట్టింపు ఉన్న విషయం ఒక్కటి తీసుకుని, టాక్స్ పెంపు కావచ్చు, మీ పేటలో ఏదైనా రీజోనింగ్ (స్థలంలో ఏం కట్టొచ్చన్న నియమం మార్చడం) కావచ్చు, ఎవరు అవునన్నారు, ఎవరు కాదన్నారు చూడండి. అరగంట పని. చందాలు ఎవరిచ్చారో కూడా రాష్ట్ర ఎన్నికల సంస్థ ఎలక్షన్స్ బీసీ వెబ్‌సైట్‌లో చూడొచ్చు. 2017 నుంచి కంపెనీలు, యూనియన్లు ఇవ్వకూడదు, మనుషులే ఇవ్వాలి. 2022లో ఆ పరిమితి 1,250 డాలర్లు.

మనవాడు, మన భాషవాడు అన్న అభిమానం నాకూ ఉంది. తెలుగువాళ్లు బోర్డులో కూర్చుంటే సంతోషిస్తాను. కానీ ఆ మనిషి పోటీకి ముందు స్కూల్ పేరెంట్ కమిటీలో పనిచేశాడా, బోర్డు సమావేశానికి ఒక్కసారైనా వెళ్లాడా అని అడిగాకే నా ఓటు. అడిగితే వాళ్లేం అనుకోరు. నిజంగా పని చేద్దామనుకునేవాళ్లు ఆ ప్రశ్నకే ఎదురుచూస్తుంటారు.

మీ ఆవిడకి ఓటు లేదు. ఓటుకి కెనడా పౌరసత్వం, 18 ఏళ్లు నిండటం, బీసీలో కనీసం ఆరు నెలలుగా ఉండటం, సర్రే నివాసం కావాలి. పీఆర్‌లకి నగర ఎన్నికల్లోనైనా ఓటివ్వాలని వాంకూవర్ కౌన్సిల్ 2018లోనే రాష్ట్రాన్ని కోరింది, చట్టం మారలేదు. ఇన్నేళ్లుగా టాక్సులు కడుతూ, పిల్లల్ని ఇక్కడే చదివించుకుంటూ, తమ స్కూల్ బోర్డుని ఎన్నుకోలేకపోవడం అన్యాయమనే నా అభిప్రాయం. ఓటు తప్ప మిగతావి చాలానే ఆవిడ చేయవచ్చు. బీసీలో ఉండే పీఆర్‌గా అభ్యర్థికి చందా ఇవ్వచ్చు, ప్రచారంలో పనిచేయవచ్చు, అభ్యర్థుల చర్చల్లో ప్రశ్న వేయవచ్చు. స్కూల్ పేరెంట్ అడ్వైజరీ కౌన్సిల్‌లో చేరడానికి తల్లో తండ్రో అయితే చాలు, వీసాతో పని లేదు. బోర్డు దగ్గరికి వెళ్లి మాట్లాడే తల్లిదండ్రుల్లో చాలామంది అక్కడి నుంచే వస్తారు. మీ ఇంట్లో ఓటు మీదే అయినా, ట్రస్టీల పేర్లు ఆవిడతో కలిసి కూర్చుని ఖాయం చేయండి.

మీ అన్నయ్య లాంగ్లీలో ఉంటూ సర్రేలో టౌన్‌హౌస్ కొన్నారని రాశారు. ఆయన పౌరుడైతే, ఆ ఇల్లు కొని కనీసం 30 రోజులు దాటితే, సర్రేలో కూడా ఓటెయ్యచ్చు. ఇద్దరి పేరున ఉంటే ఒక్కరికే ఆ ఓటు, రెండోవారి ఒప్పుదల కాగితం కావాలి. ఇల్లు కంపెనీ పేరున ఉంటే కుదరదు.

మిగిలినవి చిన్న విషయాలు. నామినేషన్లు సెప్టెంబర్ 1 నుంచి 11 సాయంత్రం 4 గంటల దాకా, ఆ తర్వాతే పూర్తి పేర్లు తెలుస్తాయి. అంతకుముందు తిరిగే లిస్టులని పట్టించుకోకండి. ఓటరు జాబితాలో పేరు లేకపోయినా టెన్షన్ వద్దు, పోలింగ్ కేంద్రంలోనే నమోదు చేసుకోవచ్చు. రెండు గుర్తింపు కాగితాలు తీసుకెళ్లండి, ఒకదాని మీద సంతకం ఉండాలి, చిరునామా తెలిసేది ఒకటైతే పని త్వరగా అవుతుంది. పోలింగ్ పొద్దున 8 నుంచి రాత్రి 8 వరకు. శనివారం మీకు షిఫ్ట్ ఉంటే ముందస్తు ఓటింగ్ ఉంది, అక్టోబర్ 7 బుధవారం అందులో తప్పనిసరి రోజు. మీ అమ్మగారు కూడా పౌరురాలేనని, ఇంగ్లిష్ చదవలేరని రాశారు కదా, ఆమెని ఇంట్లో వదిలి వెళ్లకండి. సాయానికి తోడు మనిషిని తెచ్చుకోవచ్చు, అక్కడ చిన్న ప్రమాణ పత్రం మీద సంతకం చేస్తే చాలు. గడి నింపేటప్పుడు ఆమె చెప్పిన పేరుకే నింపాలి, మీకు నచ్చినదానికి కాదు.

పేర్లన్నీ గుర్తుండవు, కాగితం మీద రాసుకుని జేబులో పెట్టుకెళ్లండి, ఎవరూ అభ్యంతరం చెప్పరు. రాసేటప్పుడు ట్రస్టీలతో మొదలుపెట్టి, తర్వాత కౌన్సిలర్లు, చివర్లో మేయర్ పేరు రాయండి. బూత్‌లో కూడా అదే వరుసలో నింపండి.